కోళ్ల గూడు పక్కన ఏ మొక్క? మల్బరీయా, మునగా, మందారమా

నిరుడు వానకాలంలో ఒక ఆదివారం హన్మకొండ నర్సరీ నుంచి పన్నెండు బంతి మొక్కలు తెచ్చి కోళ్ల గూడు ముందు వరుసగా నాటాను. సాయంత్రం నాలుగింటికి కోళ్లను వదిలాను. అయిదింటికి వెళ్లి చూస్తే వరుస లేదు, గుంతలున్నాయి. ఒక్కో గుంతలో ఒక్కో పెట్ట రెక్కలు పరిచి మట్టిస్నానం చేస్తోంది. మా అత్తమ్మ వాకిట్లో కూర్చొని చూసి, "బంతి పెట్టినవా బిడ్డా, కోళ్లకు పరుపేసినవా?" అన్నది.

అంతకుముందు రాత్రే ఫోన్లో వెతికి, కోళ్లకు విషం కాని మొక్కల జాబితా ఒకటి రాసుకున్నాను. అందులో బంతి మొదటి పేరు. జాబితాలో తప్పేం లేదు, బంతి కోడిని ఏమీ చెయ్యదు. కోడి బంతిని ఏం చేస్తుందో మాత్రం అందులో లేదు.

అప్పటినుంచి మొక్క పేరు కన్నా ముందు చోటు చూస్తున్నాను. కోడి ముక్కుకు, కాలికి అందే చోటా, గూటి ఇనుప తీగల జాలి మీదా, దడి అవతలా అని. ఒక చోట బాగా పనికొచ్చే మొక్కే ఇంకో చోట పెడితే దండగ. మాది హసన్‌పర్తి వైపు చెల్క నేల, రేకుల కప్పు గూడు, ఆరు పెట్టలు, ఒక పుంజు. నల్లరేగడి ఉన్నవాళ్లకు నీళ్ల లెక్క కొంచెం మారుతుంది, మిగతాదంతా ఇంచుమించు ఇదే.

ముందు పీకేయాల్సినవి

మొదటిది గన్నేరు. పశువు ముట్టదు, నీళ్లు పెద్దగా అడగదు, ఏడాదంతా పూస్తుంది. అందుకే రోడ్డు డివైడర్ల మీద, ఇళ్ల ముందు ఎక్కడ చూసినా అదే. గన్నేరైనా, పచ్చగన్నేరైనా ఆకు, పువ్వు, గింజ, బెరడు అన్నీ విషమే. గుండె కొట్టుకునే తీరునే అది దెబ్బతీస్తుంది. ఆకు ఎండినా విషం పోదు. ఈమధ్య కుండీల్లో అందరూ పెంచుతున్న అడీనియం కూడా ఆ కుటుంబానిదే, విషం కూడా ఆ రకందే. బిళ్లగన్నేరూ అదే కుటుంబం. దాంట్లోంచి క్యాన్సర్ మందులు తీస్తారంటే ఆ ఆకులో ఎంత బలముందో ఆలోచించండి. పూజకని ప్రతి ఇంట్లో ఉండే నందివర్ధనం కూడా ఆ చుట్టమే. నేను దాన్ని పీకలేదు, ఇంటి ముందు వైపు ఉంచాను. కోళ్లు అటు పోవు.

ఇక ఆముదం, అడవి ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు, లాంటానా, గురివింద. వీటి గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. అయితే పొలం గట్టున నాలుగు ఆముదం చెట్లుండటం, వాటి గింజలు పగిలి కింద రాలడం మన దగ్గర మామూలే. గూడు గట్టు పక్కనే ఉంటే ఆ చెట్లు తీసేయండి.

పాలు కారే మొక్కను అనుమానించాలని పెద్దలు అంటారు. మొదలుపెట్టడానికి ఆ మాట బాగానే పనికొస్తుంది. కానీ బొప్పాయికీ పాలు కారుతాయి, మల్బరీకీ కారుతాయి, రెండూ కోళ్లకు మంచివే. ఆముదానికి, ఉమ్మెత్తకు పాలు కారవు. అందుకని ఆ ఒక్క గుర్తునే నమ్ముకుని ఊరుకోకూడదు.

అంతగా తెలియనివి మూడు. సుబాబుల్ ఆకు మేకలు ఇష్టంగా తింటాయి కదా, కోళ్లకూ వేద్దామనుకుంటారు. అందులో మిమోసిన్ అనే పదార్థం ఉంది. నెమరువేసే మేక కొంతవరకు దాన్ని అరాయించుకుంటుంది, కోడి వల్ల కాదు. రెండోది కసింద. వానకు దానంతటదే మొలిచే పచ్చపూల మొక్క, దాని గింజలు కోళ్ల కండరాలను పాడుచేస్తాయి. మూడోది మన పంటే, పత్తి. పత్తిగింజలోని గాసిపాల్ వల్ల గుడ్డు దాచిపెట్టినకొద్దీ పచ్చసొన ముదురు రంగుకో, ఆకుపచ్చకో తిరుగుతుంది. గూడు పక్కన పత్తి బోరాలు పెట్టుకునేవాళ్లు గింజ రాలకుండా చూసుకోవాలి. పత్తికట్టె దడికి మాత్రం అభ్యంతరం లేదు, కాయలు ఏరేస్తే చాలు.

తిరిగి మేసే కోడి చేదు ఆకును సాధారణంగా ఒకసారి పొడిచి వదిలేస్తుంది. ఇబ్బందంతా గూట్లోనే మూసి ఉంచిన కోళ్లతోనే. లోపల నేలంతా గీకి బోడి చేసి, పచ్చదనం కోసం మొహం వాచి ఉన్నప్పుడు మనం కత్తిరించిన కొమ్మలు తెచ్చి లోపల పడేస్తాం. అప్పుడు అది రుచి చూసుకోదు. కత్తిరించిన కొమ్మ ఏదైనా, దాని పేరు తెలిస్తేనే లోపల వెయ్యండి.

ఆకు కన్నా నాకు భయం కలిగించేది ఇంకొకటి ఉంది. కొన్ని నర్సరీ మొక్కల కుండీల్లో పురుగుమందు గుళికలు చల్లి ఉంటాయి, ఎరువు గుళికలూ ఉంటాయి. కోడి ఇసుకరాళ్లు ఏరుకుని తినే జీవి, దానికి గుళికకూ రాయికీ తేడా తెలియదు. అందుకే కొత్త మొక్క తెచ్చినప్పుడు పైమట్టి రెండంగుళాలు తీసి దూరంగా పూడ్చిపెడతాను. మొక్కను మూడు నాలుగు వారాలు కోళ్లకు అందకుండా ఉంచి ఆ తర్వాతే నాటుతాను.

పడమటి ఎండ

మనకు అసలు పరీక్ష రోహిణి కార్తెలో. వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు దూరం పెట్టి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా పడమటి నుంచి ఏటవాలుగా వచ్చే ఎండ రేకుల మీదా, జాలిలోంచి లోపలికీ కొడుతుంది. నెత్తిమీది ఎండను కప్పు ఆపుతుంది, ఈ ఎండను ఆపదు. కాబట్టి డబ్బు, ఓపిక ఒక్క మొక్కకే ఉంటే దాన్ని పడమర వైపే పెట్టండి. అక్కడికి నాలుగైదు చెట్లు పోటీకి వస్తాయి.

మునగ అందరికీ మొదట గుర్తొస్తుంది. కొమ్మ పాతితే చాలు, గింజ రకమైన పీకేఎం-1 అయితే మొదటి ఏడాదే కాయ చేతికొస్తుంది. ఆకులో మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి. పెట్టలు ఎగబడి తింటాయి. ఇంత మంచిదాన్ని పడమర వద్దని ఎందుకంటున్నానంటే దాని నీడ జల్లెడలా ఉంటుంది. నాలుగింటి ఎండ అందులోంచి సగం దిగిపోతుంది. కొమ్మ కూడా పెళుసు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారానికి విరిగి రేకుల మీద పడుతుంది, మా గూడు రేకు ఒకటి అట్లాగే వంగింది. వానల్లో కాండం నిండా గొంగళిపురుగులు గుంపుగా పడతాయి, వాటి వెంట్రుకలు తగిలితే ఒళ్లంతా దురద. మునగ తప్పకుండా ఉండాలి, గూటికి పది అడుగుల దూరంలో. ఆకు కోసి లోపల వేలాడదీయడానికి అది బంగారం.

అరటి నీడ దట్టం. గూడు కడిగిన నీళ్లు, పెంట సారం అన్నీ తాగేస్తుంది, కింద ఎప్పుడూ చల్లగా ఉంటుంది. కోళ్లు ఆకును చీల్చి తిన్నా ఇబ్బంది లేదు. కానీ సరిగ్గా నీడ కావాల్సిన మేలోనే బాయిలో నీళ్లు అడుగంటుతాయి, వడగాలికి ఆకు ముక్కలవుతుంది. బోరు బాగా ఉన్నవాళ్లకే అరటి. బొప్పాయి అందంగా ఉంటుంది, పండు రాలితే కోళ్లకు పండగ, కానీ గొడుగంతే నీడ. అవిసె త్వరగా లేస్తుంది, ఆకు మేకలకు మేతే కానీ కోళ్లకు మంచిది కాదు, అది కూడా సన్నటి నీడే. పైగా ఎక్కువ ఏళ్లు బతకదు. వేప, కానుగ నీడకు తిరుగులేనివే, అయితే వాటి కోసం ఏళ్లు ఆగాలి. ముందే చెట్టుంటే గూటినే దాని దగ్గరికి జరుపుకోవడం తెలివైన పని.

నేను చివరికి పెట్టింది మల్బరీ. పట్టుపురుగుల రైతు దగ్గర కత్తిరించి పారేసే కొమ్మలు అడిగితే ఊరికే ఇచ్చాడు. పెన్సిల్ మందం, జానెడు పొడవు, మూడు నాలుగు కళ్లున్న ముక్కలు ఏటవాలుగా గుచ్చితే చాలు. ఆకు వెడల్పుగా, ఒత్తుగా వస్తుంది. మొదలు పట్టాక ఎండకు తట్టుకుంటుంది. ఏటా నడుము ఎత్తుకు నరికేసినా పొదలాగా మళ్లీ లేస్తుంది, అంటే రేకు మీద విరిగిపడేంత పెద్దది కాకుండా మన చేతిలోనే ఉంటుంది. ఆకు కోడికీ మేకకూ మేత. నల్లటి పండ్లు రాలుతుంటే పెట్టలు కిందే కాపలా ఉంటాయి. గుడ్లు పెట్టే డబ్బాలో ఊదా రంగు రెట్టలు కనిపిస్తే బెదరొద్దు, అది పండే. ఒక లోపం మాత్రం ఉంది. చెల్క నేలలో లేత ముక్కలకు చెదలు పడతాయి. పది గుచ్చితే నాకు ఆరు దక్కాయి. కాబట్టి కావాల్సినదానికి రెండింతలు గుచ్చండి. గోడకు నాలుగైదు అడుగుల దూరం ఉంచండి.

జాలి మీద తీగ

తీగ విషయంలో నా మొదటి ఎంపిక బచ్చలి, రెండోది శంఖుపువ్వు. ఎర్రకాడ బచ్చలి జాలి మీద పాకితే చూడముచ్చటగా ఉంటుంది. లోపలివైపు వచ్చిన ఆకు కోళ్లది, బయటివైపుది మన పప్పులోకి. గోడ కట్టినట్టు పంపకం దానంతటదే జరిగిపోతుంది. అయితే బచ్చలిలో, పాలకూరలో ఆక్సలేట్లుంటాయి, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గుడ్లు పెట్టే పెట్టలకు అదొక్కటే మేత కాకూడదు, దాణా, కాల్షియం కోసం వేసే ఆల్చిప్ప గుల్ల మామూలుగా అందాలి.

శంఖుపువ్వు పప్పుజాతి తీగ, దాని ఆకును పశువులకు మేతగానూ వాడతారు. నీలం పువ్వు, తక్కువ నీళ్లు, తేలికైన తీగ. బచ్చలంత దట్టంగా కమ్మదు, కానీ ఎండకాలంలో బచ్చలి కన్నా గట్టిది. రెండూ కలిపి వేసుకోవచ్చు. రాధామనోహరం పూలంటే నాకు చాలా ఇష్టం. అయినా ఆ బరువుకు జాలి గుంజలు పక్కకు వాలిపోతాయి, అది ఇంటి గేటుకే బాగుంటుంది. కాశీరత్నం, మార్నింగ్ గ్లోరీ వంటి తీగల గింజలు మంచివి కావు. మనీప్లాంట్ ఆకు నోట్లో మంట పుట్టిస్తుంది. చిక్కుడు తీగ పెట్టొచ్చు, కానీ ఉడకని ఎండు గింజలు కోళ్ల ముందు రాలనివ్వకండి.

రేకుల మీదికి సొర లేదా గుమ్మడి ఎక్కిస్తే కింద గూడు వేడి బాగా తగ్గుతుంది. కాలే రేకు మీద తీగ లేత కొన మాడిపోతుంది కాబట్టి ముందు తాటికమ్మలో, వరిగడ్డో పరిచి దానిమీద పాకించాలి. గుమ్మడి పువ్వు బతుకమ్మకూ పనికొస్తుంది.

అందానికి

ఇక్కడ మందారానిదే పైచేయి. ఆకు, పువ్వు రెండూ కోళ్లు తింటాయి, ఏ హానీ లేదు. కాండం బొటనవేలంత లావయ్యేదాకా దడి కట్టి కాపాడితే తర్వాత దాన్ని ఏమీ చెయ్యలేవు. కింది రెండడుగుల ఆకు మొత్తం తినేస్తాయి. మొదట నాకు అది చూసి దిగులేసింది, తర్వాత అదే లాభమని తెలిసింది. పైన గొడుగు, కింద ఖాళీ. గద్ద పైన తిరిగితే పిల్లలు దాని కిందికి ఉరుకుతాయి, పాము దాక్కోవడానికి మాత్రం అక్కడ చోటు లేదు. పిండినల్లి పడుతుంది. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి కడగండి. పత్తికి కొట్టగా మిగిలిన మందు ఉంది కదా అని దానిమీద చల్లకండి, ఆ ఆకు తినేది మీ కోళ్లే.

కాగితంపూలు దడి అవతలి వైపుకు. ముళ్లకు కుక్కలు, పిల్లులు జంకుతాయి, ఎండకు ఇంకా బాగా పూస్తుంది. కత్తిరించిన ముళ్లకొమ్మ ఒక్కటి కూడా లోపల పడకూడదు. ముల్లు గుచ్చుకుంటే కోడి పాదం వాచి, చీము పట్టి కుంటుతుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. దడి కోసం నర్సరీల్లో మొదట చూపించేది గోల్డెన్ డ్యురాంటా. నిగనిగలాడే ఆకు, చవక, కానీ దాని పసుపు కాయలు విషం. ఎప్పుడూ కత్తిరిస్తూ ఉంటే కాయదు నిజమే, ఒక్క నెల బద్ధకిస్తే కాస్తుంది. ఆ టెన్షన్ నాకొద్దు.

బంతి మీద కోపం తగ్గాక మళ్లీ పెట్టాను, ఈసారి జాలి బయట. బంతి రేకుల్లోని పసుపు పదార్థమే కోళ్ల దాణా తయారీలో సొన రంగు కోసం వాడతారు. వాడిన పూలు తుంచి లోపల వేస్తే చాలు. గునుగును నాటక్కర్లేదు, వానకు అదే వస్తుంది. లేత ఆకు కోళ్లు తింటాయి, మిగిలింది పూతకొచ్చేసరికి బతుకమ్మ వస్తుంది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, గూటి పక్కనే పెట్టాలని నాకూ ఉండేది. కానీ అది కసిందకు దగ్గరి చుట్టం. దాని గింజ కోడికి ఎంత చేటో నేను పరీక్షించదలచుకోలేదు, గేటు పక్కన ఒకటి పెట్టాను. పండగకు పువ్వు దొరుకుతుంది, కాయలు కోళ్ల దాకా రావు.

నిమ్మగడ్డిని గూటి పక్కనే పెడితే దోమలు రావని చాలామంది చెబుతారు. మొక్క ఉన్నంత మాత్రాన దోమలు తగ్గినట్టు నాకైతే కనపడలేదు, ఆకు నలిపితేనే వాసన వస్తుంది. కోళ్లకు హాని లేదు, పెద్దగా తినవు కూడా. కానీ దాని మొదలు గుబురుగా, చల్లగా, చీకటిగా ఉంటుంది. గూటి దగ్గర దాణా రాలుతుంది, దాణాకు ఎలుకలు, ఎలుకలకు, గుడ్లకు జెర్రిపోతు, నాగుపాము. నేను నిమ్మగడ్డిని బాయి దగ్గరికి మార్చేశాను. ఏ పొద పెట్టినా నేలనుంచి అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి, అవతలి వైపు కనపడేలా ఉంచండి.

నాటేటప్పుడు

మృగశిర కార్తె వానలు పడ్డాక నాటితే ఎండకాలం లోపు మొదలు పట్టుకుంటుంది. మొదటి ఆరు నెలలు కోడి కాలు నుంచి కాపాడటమే పని. మొదలు చుట్టూ పిడికిలికన్నా పెద్ద రాళ్లు పేర్చండి, ఇటుక ముక్కలైనా సరే. మట్టి గీకడానికి వీల్లేకపోతే కోడి అటు చూడదు. రేగుకంప చుట్టడం పాత పద్ధతే కానీ పాదాల సంగతి ముందే చెప్పాను. జాలి ముక్కను గుండ్రంగా చుట్టి గుంజకు కట్టడం మేలు. ఇంకో కిటుకు, కోళ్లకు మట్టిస్నానానికి మీరే ఒక మూల పొడిమట్టి, కట్టెబూడిద కలిపి పోసి పెట్టండి. మెత్తటి చోటు అక్కడ దొరికితే మీ పాదుల జోలికి రావడం తగ్గుతుంది.

కోళ్ల ఎరువు పచ్చిది మొక్క మొదట్లో వెయ్యకండి, వేళ్లు మాడతాయి. ఆకుతో, గడ్డితో కలిపి రెండు మూడు నెలలు మగ్గాకే.

కోడి ఉన్నట్టుండి తూలినా, చొంగ కార్చినా, మెడ వాల్చినా దాన్ని వేరుగా పెట్టి నీళ్లు అందుబాటులో ఉంచండి. ఏదైనా ఆకు తిన్నదనిపిస్తే ఆ కొమ్మ కూడా తీసుకుని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చెయ్యండి. ఒకదాని తర్వాత ఒకటి వరసగా పడిపోతుంటే మాత్రం మొక్కల మీదికి నెట్టకండి. మన దగ్గర అది చాలాసార్లు కొక్కెర తెగులు అయి ఉంటుంది. టీకా వేయించారో లేదో ముందు అది చూసుకోండి.

హన్మకొండలో రెండు గదుల ఇల్లు, వెనక సందులో నాలుగు కోళ్లు ఉన్నవాళ్లకు మల్బరీ కూడా పెద్దదే. వాళ్లు పెద్ద కుండీలో ఒక మందారం, జాలికి బచ్చలి పెట్టుకుంటే సరిపోతుంది. కుండీ మట్టి మీద గులకరాళ్లు పరవడం మర్చిపోవద్దు. పొలం దగ్గర గూడున్నవాళ్లు పడమర మల్బరీ నాలుగు, దూరంగా మునగ ఒకటి, దడికి బయట కాగితంపూలు వేసుకోండి. మొదటి ఎండకాలం మల్బరీ ఇంకా మోకాలెత్తే ఉంటుంది. ఆ ఒక్క ఏడాదికి పడమటి జాలి మీద తడిపిన గోనెసంచులు వేలాడదీయక తప్పదు.